స్విఫ్ట్‌కి టైర్లు: రెండు చాలా, నాలుగూ మార్చాలా?

అందరికీ నమస్కారం. మాది 2019 స్విఫ్ట్ వీఎక్స్ఐ పెట్రోలు, 46 వేల కిలోమీటర్లు తిరిగింది. టైర్లు కారుతో వచ్చినవే, సైజు 165/80 ఆర్14. పక్కన చివరి నాలుగు అంకెలు 2319 అని ఉన్నాయి, అంటే 2019లో 23వ వారం తయారీ. టైరు గాళ్లు 1.6 మిల్లీమీటర్ల అరుగుదల హద్దు గుర్తుకి ఇంకా పైనే ఉన్నాయి కానీ పక్కల సన్నటి పగుళ్లు వచ్చాయి. పోయిన నెల విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక వానలో బ్రేకు వేశాను, బండి జర్రున జారింది. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. అప్పటి నుంచి టెన్షనే.

ఒక షాపాయన "ఇంజను లాగేది ముందు చక్రాలనే కదా సార్, ముందు రెండూ మార్చండి చాలు" అన్నాడు. ఇంకొకాయనేమో రెండే కొంటే వెనకే వేయాలి, తడి రోడ్డు మీద వెనక పట్టు తప్పితే బండి గిర్రున తిరిగిపోతుంది అన్నాడు. నాకు రెండో మాటే సబబుగా ఉంది. అసలు ఈ పగుళ్లు చూశాక నాలుగూ మార్చేద్దామనే ఉంది, జేబు ఒప్పుకుంటే.

స్టెప్నీ ఒక్కసారి కూడా నేల మీద పెట్టలేదు. కానీ దాని వయసూ అంతే. దాన్ని నాలుగింట్లో ఒకటిగా వాడొచ్చా?

ఇంకో సందేహం. అదే రిమ్ముకి 185/70 ఆర్14 వేస్తే పట్టు బాగుంటుందంటున్నారు. వేసినవాళ్లుంటే చెప్పండి, మైలేజీ ఎంత తగ్గింది? స్టీరింగ్ బరువెక్కిందా? నాకు మైలేజీ కంటే వానలో బ్రేకు ముఖ్యం. ఎంఆర్ఎఫ్, అపోలో, మిషెలిన్‌లలో మీరు వాడినదేది, ఎన్నాళ్లు వచ్చింది?