సీ ప్లస్ ప్లస్‌తో ఫోర్ట్రాన్ కలిపితే లింకర్ దగ్గర ఆగిపోతోంది

అనంతపురం జిల్లా 31 మండలాల వాన లెక్కలతో శెనక్కాయ విత్తే అదను చెప్పే చిన్న ప్రోగ్రామ్ చేస్తున్నాను. లెక్క కట్టేది మా సార్ ఇచ్చిన పాత ఫోర్ట్రాన్ కోడ్, పైన నేను రాసింది సీ ప్లస్ ప్లస్. ఉబుంటు 22.04, కంపైలర్ జీసీసీ 11.

రెండు ఫైళ్లూ విడివిడిగా చక్కగా కంపైల్ అవుతాయి. జీ ప్లస్ ప్లస్‌తో లింక్ చేసేటప్పుడే, అంటే రెండింటినీ ఒకే ప్రోగ్రామ్‌గా కలిపేటప్పుడే, "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు రెయిన్‌సమ్_" అని వస్తోంది. రెయిన్‌సమ్ అనేది నేను సీ ప్లస్ ప్లస్ నుంచి పిలుస్తున్న ఫోర్ట్రాన్ సబ్‌రొటీన్.

మొదట ఎక్స్‌టర్న్ సీ (సీ ప్లస్ ప్లస్ పేరును మార్చకుండా ఉంచే మాట) పెట్టలేదు. పెట్టాక ఎర్రర్‌లో పేరు పక్కన బ్రాకెట్లు పోయాయి, ఎర్రర్ మాత్రం పోలేదు. జీఫోర్ట్రాన్ లైబ్రరీని కమాండ్‌లో ఆబ్జెక్ట్ ఫైళ్ల (కంపైల్ చేస్తే వచ్చే ఫైళ్ల) తర్వాత పెడితే ఎస్‌టీ_రైట్ లాంటి ఎర్రర్లు పోయాయి. అంతకుముందు దాన్ని ముందు పెట్టి ఒక పూటంతా తల పట్టుకున్నాను.

ఆబ్జెక్ట్ ఫైల్‌లోని పేర్లు చూపే ఎన్ఎమ్ కమాండ్ కొట్టి చూస్తే నా ఆబ్జెక్ట్ ఫైల్‌లో యూ (ఇక్కడ లేదు, బయట వెతకాలి అని) పక్కన "రెయిన్‌సమ్_" ఉంది. ఫోర్ట్రాన్ దాంట్లో టీ (ఇక్కడే ఉంది అని) పక్కన "__వర్షం_మాడ్_రెయిన్‌సమ్" అని ఉంది. వర్షం అనేది ఆ సబ్‌రొటీన్ ఉన్న మాడ్యూల్ పేరు. సబ్‌రొటీన్‌ను మాడ్యూల్ బయటికి తెచ్చి చూస్తే లింక్ అయింది. కానీ మిగతా ఫోర్ట్రాన్ ఫైళ్లన్నీ ఆ మాడ్యూల్‌నే యూజ్ చేస్తున్నాయి, సార్ కోడ్‌ను అంతలా కెలకలేను.

మాడ్యూల్‌ను అలాగే ఉంచి, ఈ ఒక్క సబ్‌రొటీన్‌ను సీ ప్లస్ ప్లస్ నుంచి పిలవాలంటే ఫోర్ట్రాన్ వైపు ఏ లైను మార్చాలి?