లేబుల్ లేని బ్యాండ్ తొలి ఈపీకి వచ్చిన సమీక్షలు: వీటిలో దేన్ని పట్టించుకోవాలి?

కంచరపాలెం గిటార్:

అందరికీ నమస్కారం. మేం విశాఖపట్నంలో ముగ్గురం కలిసి డెత్ మెటల్, బ్లాక్ మెటల్ అనే రెండు తీవ్రమైన మెటల్ శైలులు కలగలిసిన సంగీతం చేస్తున్నాం. ఏ లేబుల్‌తోనూ, అంటే రికార్డు కంపెనీతోనూ, ఒప్పందం లేదు. సొంత డబ్బుతో రికార్డు చేసుకున్న నాలుగు పాటల తొలి ఈపీని (ఆల్బమ్ కంటే చిన్న రికార్డు) పాటలు అమ్ముకునే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో పెట్టాం. ప్రచారం కోసం వచ్చాననుకుంటారని పేరు రాయడం లేదు. ఇక్కడ చాలామంది ఇప్పటికే విన్నారు కాబట్టి దేని గురించి అడుగుతున్నానో వారికి తెలిసిపోతుంది.

మాకు మూడు సమీక్షలు వచ్చాయి. మొదటిది యూరప్‌లోని ఒక వెబ్ పత్రికది. పదికి ఎనిమిది మార్కులిచ్చి, భారతదేశం నుంచి, అందులోనూ లేబుల్ లేని బ్యాండ్ నుంచి ఇంత తీవ్రతను ఊహించలేదని రాసి, డ్రమ్మర్ చేతి వేగాన్ని ప్రత్యేకంగా మెచ్చుకుంది. మాకు డ్రమ్మర్ లేడు. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లం, డ్రమ్ కిట్ వాయిస్తే పక్క ఫ్లాటు వాళ్లు ఊరుకోరు కాబట్టి మొత్తం కంప్యూటర్లో ప్రోగ్రామ్ చేశాం; ఆ సంగతి మా పేజీలో రాసే ఉంది. రెండోది మన దేశంలోనే నడిచే ఒక బ్లాగు. గొంతు మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరున ఉందని, బేస్ గిటార్ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చిందని, మిక్సింగ్ (గొంతును, వాయిద్యాలను తూకంగా కలపడం) పచ్చిగా ఉందని చెప్పి, ఆఖర్న మంచి భవిష్యత్తు ఉన్న కుర్రాళ్లని భుజం తట్టింది. మూడోది మెటల్ బ్యాండ్ల వివరాలు ఉండే వెబ్‌సైట్ ఎన్‌సైక్లోపీడియా మెటాలమ్‌లో ఒక శ్రోత రాసినది. నూటికి 45 వేశాడు. అతని కోపమంతా ఎనిమిది నిమిషాల నాలుగో పాట మీదే. మధ్యలో వాయిద్యాలన్నీ ఆగిపోయి సన్నని హోరు ఒక్కటే మిగలడం, ఆ తర్వాత మళ్లీ అదే రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరుస) మొదలు కావడం ఉత్త బద్ధకమని తేల్చేశాడు.

ఆ పాట 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి దగ్గర తీరం దాటిన రోజు గురించి. మధ్యలో ఉన్న నిశ్శబ్దం తుపాను కన్ను. ఆ రోజు ఇక్కడ ఉన్నవారెవరికీ దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు, కాని అతనికి అది ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు కొద్దిపాటి సీడీలు వేయించాలనుకుంటున్నాం. ఆ లోపు మళ్లీ మిక్స్ చేయించడం మంచిదా, నాలుగో పాటను కుదించడం మంచిదా, లేక ఎవరేమన్నా ఉన్నది ఉన్నట్టు వేసేయడమే మంచిదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సిరిపురం సౌండ్:

నేను పెళ్లి వీడియోల ఆడియో దగ్గర్నుంచి భక్తి పాటల ఆల్బమ్‌ల దాకా మిక్సింగ్ చేసే మనిషిని. మెటల్ నా వృత్తిలో తక్కువ, వినడంలో ఎక్కువ. మీ ఈపీని హెడ్‌ఫోన్లలోనూ, స్టూడియో స్పీకర్ల మీదా, ఫోన్‌లోనూ విన్నాను.

బేస్ వినబడడం లేదన్న ఫిర్యాదు నిజమే, కాని ఆ బ్లాగు రాసినవారు దాన్ని వాల్యూమ్ సమస్యగా భావించారు. మీరు గిటార్లను బి స్వరం దాకా దించి శ్రుతి చేశారు. మామూలు శ్రుతిలో గిటార్ మందపాటి తీగ సుమారు 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. బి దాకా దించితే 62 దగ్గరకు వస్తుంది, దానికి ఒక స్థాయి కింద బేస్ తీగ 31 దగ్గర పలుకుతుంది. ఫోన్ స్పీకర్లు, ల్యాప్‌టాప్ స్పీకర్లు అంత కిందికి పలకవు. అలాంటి స్పీకర్ల మీద బేస్ ఉన్నట్టు చెవికి తెలిసేది 700 నుంచి 1000 హెర్ట్జ్ ప్రాంతంలో వినిపించే తీగ గరగర వల్లనే. మీరు గిటార్లలో మధ్య శ్రేణిని బాగా తోడేశారు, కాబట్టి అక్కడ చోటు ఖాళీగానే ఉంది. బేస్‌ను మాత్రం డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకు చేసే ప్రభావం) లేకుండా శుభ్రంగా వదిలేశారు కాబట్టి ఆ ఖాళీని నింపేవాళ్లు లేకుండా పోయారు. ఈ స్థితిలో బేస్ వాల్యూమ్ పెంచితే అది కాలితో వాయించే కిక్ డ్రమ్‌తో కొట్టుకుని అడుగంతా బురద అవుతుంది. బేస్ ట్రాక్‌కు ఒక నకలు తీసి, నకలుకు డిస్టార్షన్ పట్టించి, దానిలో 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేసి, అసలు ట్రాక్ పక్కన కొంచెం కొంచెంగా పైకి తీసుకురండి. ఒక పూటలో అయిపోయే పని.

డ్రమ్స్ ప్రోగ్రామ్ చేయడంలో తప్పు లేదు. స్వీడన్ మెటల్ బ్యాండ్ మెషుగ్గా 2005లో విడుదల చేసిన ఆల్బమ్‌లో కూడా డ్రమ్స్ ప్రోగ్రామ్ చేసినవే. కాని మీ రెండో పాటలో బ్లాస్ట్ బీట్ (అతివేగంగా సాగే డ్రమ్ వరుస) మొదలైన చోట స్నేర్ డ్రమ్ దెబ్బలన్నీ ఒకే బలంతో పడుతున్నాయి. వెలాసిటీని, అంటే దెబ్బ బలాన్ని చెప్పే అంకెను, గరిష్ఠ విలువైన 127 దగ్గరే అన్నింటికీ ఉంచేశారని నా అనుమానం. ఆ వేగంలో మనిషి వాయిస్తే కొన్ని దెబ్బలు తేలిపోతాయి, బార్ (తాళంలో ఒక ఆవర్తం) మొదటి దెబ్బ బలంగా పడుతుంది. మీకు ఎనిమిది మార్కులిచ్చిన పత్రిక దీన్ని గుర్తించలేదంటే ఒకసారి విని రాసిందనుకోవాలి. పొగిడింది కదా అని దాని మాటను ఇంకో దాని కంటే ఎక్కువ నమ్మకండి.

ఇంకొకటి: మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు చేసే ఆఖరి సవరణలో, శబ్దం పెంచడానికి మరీ గట్టిగా నొక్కేశారు. స్పాటిఫై వంటి సేవలు మామూలుగా అన్ని పాటలనూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (శబ్ద తీవ్రతకు కొలమానం) దగ్గరకు తెచ్చి వినిపిస్తాయి, అందువల్ల మీరు పెంచిన హోరు అక్కడ తిరిగి తగ్గిపోతుంది, నలిగిపోయిన దెబ్బలు మాత్రం నలిగినట్టే ఉంటాయి.

పాత క్యాసెట్:

1993లో అలహాబాద్ నుంచి సంగీత పత్రిక రాక్ స్ట్రీట్ జర్నల్ మొదలైన కాలం నుంచి ఇలాంటి సమీక్షలు చదువుతూ వచ్చినవాణ్ణి. ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు హెల్‌హ్యామర్ పేరు ఎత్తకుండా ఉండరు కాబట్టి ఆ పని నేనే చేస్తాను.

స్విట్జర్లాండ్‌కు చెందిన ఆ బ్యాండ్ 1984లో ఈపీ విడుదల చేసినప్పుడు అప్పటి మెటల్ పత్రికలు చీదరించుకున్నాయి; వాయించడం రానివాళ్ల గోలగా కొట్టిపారేశాయి. తర్వాతి తరం దాన్నే డెత్ మెటల్‌కు, బ్లాక్ మెటల్‌కు మూలాల్లో ఒకటిగా తలకెత్తుకుంది. ఈ కథను ఇక్కడి దాకా చెప్పి, విమర్శకులకు ఏమీ తెలియదని ముగించడం అలవాటైపోయింది. మిగతా సగం ఎవరూ చెప్పరు: ఆ బ్యాండును నడిపిన టామ్ వారియర్ అదే ఏడాది దాన్ని రద్దు చేసి, సెల్టిక్ ఫ్రాస్ట్ పేరుతో మరింత జాగ్రత్తగా కూర్చిన సంగీతంతో మళ్లీ వచ్చాడు. తిట్లు తిన్న సంగీతంలో పస ఉంది, లోటూ ఉంది, రెండూ ఆయనకు తెలుసు. ఇక నార్వే బ్యాండ్ డార్క్‌త్రోన్ సంగతి వేరు. 1992 నాటి ఆల్బమ్ సౌండ్ పలచగా ఉందని వాళ్ల లేబుల్ పీస్‌విల్ వెనకాడినా వాళ్లు ఒక్క అంగుళం కదల్లేదు, ఎందుకంటే ఆ పలచదనం వాళ్లు కోరి తెచ్చుకున్నది.

కాబట్టి మీకు మీరు వేసుకోవలసిన ప్రశ్న ఇది: మీ ఈపీలో బేస్ వినబడకపోవడం మీరు కోరుకున్నదా? కోరుకున్నదైతే ఆ బ్లాగుకు జవాబు చెప్పనవసరం లేదు. డబ్బూ సమయమూ చాలక అలా మిగిలిపోయినదైతే దాన్ని పచ్చి సౌండ్ అనే గౌరవప్రదమైన పేరుతో కాపాడుకోవద్దు. ఆ కాలంలో పచ్చిగా రికార్డయి, ఎవరికీ గుర్తులేకుండా పోయిన డెమో టేపులు నేను చాలా విన్నాను. వాటిలో ఎక్కువ భాగం పోవలసినవే.

మూడు సమీక్షల్లో నాకు చిరాకు తెప్పించింది ఎనిమిది మార్కులదే. లేబుల్ లేని బ్యాండుకు, ఇండియా నుంచి వచ్చిన బ్యాండుకు అంటూ మొదలయ్యే మెప్పులో మార్కులు ముందే సడలించి ఉంటాయి. హైదరాబాద్ నుంచి గాడ్‌లెస్ అనే మెటల్ బ్యాండ్ 2016లో తొలి ఈపీ తెచ్చింది. దాన్ని వినేటప్పుడు ఊరు పేరు చూసి ఎవరూ రాయితీ ఇవ్వవలసిన అవసరం రాలేదు. 45 మార్కులు వేసిన మనిషి మాత్రం మిమ్మల్ని అందరితో సమానంగా కూర్చోబెట్టి కొట్టాడు. అతను పాటను చివరి దాకా విన్నాడు, ఏ చోట విసుగొచ్చిందో చూపించాడు.

వాల్తేరు శ్రోత:

నాలుగో పాట గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే హుద్‌హుద్ రోజున నేను పెదవాల్తేరులోని మా ఇంట్లోనే ఉన్నాను.

ఆ నిశ్శబ్దం నాకు మొదటిసారి వినగానే అర్థమైంది, ఒళ్లు జలదరించింది. కాని ఆ తర్వాత వచ్చిన రిఫ్ దగ్గర నేనూ నిరుత్సాహపడ్డాను. ఆ రోజు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పొద్దుటి నుంచి గాలి ఒక దిక్కు నుంచి కొట్టింది. కన్ను మీదుగా పోతున్నంతసేపూ తెరిపి ఇచ్చింది. మా వీధిలో మనుషులు బయటికొచ్చి పడిపోయిన రేకులు ఏరుకోసాగారు. తర్వాత గాలి వ్యతిరేక దిక్కు నుంచి వచ్చింది. మా ఎదురింటి వేపచెట్టు మొదటి గాలికి ఒకవైపు ఒరిగి నిలదొక్కుకుంది, రెండో గాలి దాన్ని అటువైపుకు తిప్పి వేళ్లతో సహా పెకలించింది. భయమంతా ఆ దిక్కు మారడంలోనే ఉంది. మీ పాటలో నిశ్శబ్దానికి ముందు వచ్చిన రిఫ్, తర్వాత వచ్చిన రిఫ్ అచ్చంగా ఒకటే. గాలి మళ్లీ అటునుంచే వచ్చినట్టుంది. ఆ సమీక్షకుడికి తుపాను సంగతి తెలియకపోయినా పాటలో ఎక్కడ పని మిగిలిపోయిందో అతని చెవి సరిగ్గానే పట్టుకుంది. అతనికి కథ తెలిసి ఉంటే మార్కులు పెరిగేవేమో గాని రిఫ్ మాత్రం మారదు కదా.

కుదించవద్దు. రెండో సగంలో రిఫ్‌ను తిరగేయండి: కిందికి దిగే స్వరాలు పైకి ఎక్కేలా, లేదా బలం పడే మాత్రలు తారుమారయ్యేలా. అది కుదరకపోతే, మొదటి సగంలో ఎడమ చెవిలో ఉన్న గిటార్‌ను రెండో సగంలో కుడి చెవికి పంపినా దిక్కు మారిన సంగతి కొంత తెలుస్తుంది.

గొంతు ఒకే తీరున ఉందన్న విమర్శకు కూడా ఒక మాట. గ్రౌల్‌లో, అంటే ఈ సంగీతంలో గర్జించినట్టు పాడే తీరులో, రాగం ఉండదు గనుక తేడా అంతా అచ్చుల నుంచే రావాలి. మీ రెండో పాటలో దాదాపు ప్రతి పాదమూ ఉకారంతో ముగుస్తుంది, గాయకుడు దాన్నే సాగదీస్తున్నారు. పెదవులు మూసుకుపోయి ప్రతిసారీ ఒకే మూలుగు వస్తోంది. మూడో పాటలో, రేవు నుంచి లేచే బొగ్గు ధూళి పాత ఊరి ఇళ్ల మీద పేరుకోవడం గురించి రాసిన చోట, పాదాలు ఆకారంతో ముగిసి నోరు తెరుచుకుంది. అక్కడ గొంతు ఎంత పెద్దదయిందో మీరే వినండి. సాహిత్యం రాసేవారు పాదాంతాలను కాస్త మారిస్తే చాలు.

కంచరపాలెం గిటార్:

అందరికీ కృతజ్ఞతలు. బేస్ అలా ఉండాలని మేం కోరుకోలేదు. స్టూడియోలో మాకిచ్చిన సమయం అయిపోయింది, అంతే. సిరిపురం సౌండ్ గారు, మీ అనుమానం నిజమే, వెలాసిటీ అంతటా 127 దగ్గరే ఉంది. విడివిడి ట్రాక్‌లన్నీ మా దగ్గర భద్రంగా ఉన్నాయి కాబట్టి బేస్, డ్రమ్స్ రెండూ సరిచేస్తాం. వాల్తేరు శ్రోత గారు చెప్పిన తిరగేసిన రిఫ్‌ను నిన్న రాత్రి వాయించి చూశాం. చివరి రెండు బార్లలో వేళ్లు ఇంకా తడబడుతున్నాయి గాని, పాట ఇన్నాళ్లూ అడుగుతున్నది అదేననిపించింది. రెండో సగం వరకు గిటార్లు మళ్లీ రికార్డు చేస్తాం. గొంతు మాత్రం ఈ ఈపీలో ఉన్నట్టే ఉంచి, తర్వాతి పాటల్లో పాదాంతాలు చూసుకుంటామని మా గాయకుడు అంటున్నాడు.

ఒక సందేహం మిగిలింది. బ్యాండ్‌క్యాంప్‌లో పాత ఫైళ్లు తీసేసి కొత్తవి పెట్టమంటారా?

పాత క్యాసెట్:

పెట్టే వీలుంది గాని పెట్టవద్దు. సమీక్షలు మూడూ పాత రూపం గురించి రాసినవి. వాటిని చదివి వచ్చినవాడికి వేరే పాట వినిపిస్తే రాసినవాళ్లకు అన్యాయం చేసినట్టవుతుంది. కొత్త మిక్స్‌ను విడిగా, సంవత్సరం వేసి విడుదల చేయండి. సీడీ కవరు మీద కూడా ఆ మాట రాయండి. ఆ 45 మార్కుల మనిషికి ఒక ప్రతి పంపండి, కాని ఇంకోసారి సమీక్షించమని అడగకండి.