పాత అల్యూమినియం బోటుకి డెక్ వేయాలి, మధ్య బెంచీ కోసేయొచ్చా?

డల్లాస్_గాలం:
అందరికీ నమస్కారం. లూయిస్‌విల్ లేక్‌లో బాస్, క్రాపీ చేపలు పట్టడానికి 14 అడుగుల జాన్ బోట్ (అడుగు చదునుగా ఉండే చిన్న పడవ) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. లోపల మూడు అడ్డ బెంచీలు తప్ప ఏమీ లేవు. మధ్య బెంచీ కోసేసి, అక్కడి నుంచి ముందు కొస దాకా ఎత్తుగా ప్లైవుడ్ డెక్ వేసి, పైన కార్పెట్ అంటించి, ముందు 12 వోల్టుల ట్రోలింగ్ మోటార్ (బోటుని మెల్లగా నడిపే బ్యాటరీ మోటార్) బిగించాలని ఉంది. ట్రీటెడ్ ప్లైవుడ్ అయితే కుళ్లదు కదా, అదే వాడదామా? వేసవికి నాన్నగారు నెల్లూరు నుంచి వస్తున్నారు, ఆయన నిలబడే గాలం వేస్తారు, అందుకే గట్టిగా చేయాలని.

రివెట్_రావు:
ట్రీటెడ్ చెక్క మాత్రం వద్దు బ్రదర్. అది కుళ్లకుండా పట్టించే మందులో రాగి ఉంటుంది, తడి తగిలితే ఆ రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది. పైన కార్పెట్ వేస్తే కింద తడి ఆరదు, ఇంక చెప్పేదేముంది, రేకుకి గుంటలు పడి చిల్లుల దాకా వెళ్తుంది. మామూలు ఎక్స్‌టీరియర్ ప్లైవుడ్ తెచ్చి, స్క్రూ రంధ్రాలూ అంచులూ వదలకుండా ఎపాక్సీ (నీళ్లు చొరనివ్వని రెజిన్ పూత) పట్టించండి. అడుగున వేసే పెయింట్‌లో కూడా రాగి లేకుండా చూసుకోండి.

కొల్లేరు_టు_టెక్సాస్:
చెక్క సంగతి సరే, నాకు భయమేసింది బెంచీ దగ్గర. దాన్ని కూర్చోడానికి పెట్టిన బల్ల అనుకోకండి, రెండు పక్కల రేకుల్నీ పట్టి ఉంచేది అదే. పైగా చాలా బోట్లలో ఫోమ్ ఉండేది ఆ బెంచీల లోపలే, నీళ్లు నిండినా బోటు మునిగిపోకుండా కాపాడేది ఆ ఫోమ్. కోసేస్తే రెండూ పోతాయి.

ఇక ఎత్తు. ముప్పావు అంగుళం ప్లైవుడ్ షీటు ఒక్కటే 60 పౌండ్లకు పైన ఉంటుంది, దాని మీద మనిషి నిలబడితే ఆ బరువంతా పైకి వెళ్లిపోతుంది, ఇంత సన్నటి బోటు ఒక పక్కకి ఒరిగిందంటే ఆపలేరు. డెక్ బెంచీ ఎత్తు దాటనివ్వొద్దు. అర అంగుళం ప్లైవుడ్, కింద అల్యూమినియం యాంగిల్స్ చాలు. బ్యాటరీ వీలైనంత కిందుగా పెట్టండి. లోపల అంటించిన కెపాసిటీ ప్లేట్ మీద బోటు ఎన్ని పౌండ్లు మోస్తుందని రాసుందో చూసి, డెక్, బ్యాటరీ, మోటార్లు, మనుషులు అన్నీ కలిపి లెక్కేయండి. నాన్నగారు నిలబడతారంటున్నారు కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

డల్లాస్_గాలం:
చాలా థ్యాంక్స్ అన్నా, బెంచీ జోలికి వెళ్లను. ఇంకో టెన్షన్, అడుగున ఎక్కడో కొద్దిగా నీళ్లు ఊరుతున్నాయి. వైరింగ్ కూడా ఎలాగో చెప్పండి.

రివెట్_రావు:
అయితే డెక్ కంటే ముందు లీకు చూడండి, డెక్ వేశాక అక్కడికి చెయ్యి కూడా పట్టదు. ట్రైలర్ మీదే ఉంచి లోపల రెండు మూడు అంగుళాల నీళ్లు పోయండి, ఎక్కువ పోస్తే ఆ బరువుకి ట్రైలర్ మీద అడుగు రేకు వంగుతుంది. కింద నుంచి చూసి చెమ్మ కనిపించిన రివెట్ (రేకుల్ని కలిపి బిగించే మేకు) పక్కన మార్కర్‌తో గుర్తు పెట్టండి. వదులైనవి సుత్తితో మళ్లీ బిగించొచ్చు, అరిగిపోయినవి తీసేసి కొత్తవి వేయాలి. షాపుల్లో దొరికే మామూలు పాప్ రివెట్ మధ్యలో రంధ్రం ఉంటుంది, నీటి మట్టం కింద మూసి ఉన్న రకమే వాడండి, పైన మెరైన్ సీలెంట్.

వైరింగ్‌లో ముఖ్యమైనది ఒకటే, బోటు రేకుని నెగటివ్ వైరుగా వాడొద్దు, కరెంటు లీకై అల్యూమినియం పాడవుతుంది. మోటార్ నుంచి రెండు వైర్లూ బ్యాటరీ దాకా లాగండి. 55 పౌండ్ల థ్రస్ట్ (నెట్టే బలం) ఉన్న మోటార్ అయితే 60 ఆంప్స్ బ్రేకర్ బ్యాటరీకి దగ్గర్లోనే పెట్టండి.

కొల్లేరు_టు_టెక్సాస్:
ఒక్క మాట. కార్పెట్ అంటించకముందే డెక్‌ని స్క్రూలతో ఊరికే బిగించి ర్యాంప్ (బోట్లు నీళ్లలోకి దింపే వాలు) పక్కన నడుము లోతు నీళ్లలో దింపండి, లైఫ్ జాకెట్ వేసుకుని మీరే ముందు ఎక్కి ఆ చివరా ఈ చివరా నిలబడి చూడండి. ఊగితే ఆ రోజే డెక్ ఇంకాస్త కిందికి దించుకోవచ్చు. అన్నట్టు టెక్సాస్‌లో ట్రోలింగ్ మోటార్ ఒక్కటి ఉన్నా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే, నాన్నగారికి ఫిషింగ్ లైసెన్స్ కూడా ముందే తీసి పెట్టండి.