ఇనుప కవచం వెనుక టేకు చెక్క ఎందుకు వేశారు?

ప్రశ్న (కావలి):
నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. గత వారం తొమ్మిదో తరగతిలో ప్లవన సూత్రాలు చెబుతూ, 1860 డిసెంబరు 29న థేమ్స్ నదిలోకి దించిన బ్రిటిష్ యుద్ధనౌక ‘వారియర్’ అడ్డుకోత పటాన్ని పిల్లలకు చూపించాను. ఓడ మొత్తం ఇనుముతో కట్టినదని చెప్పగానే, జువ్వలదిన్నె నుంచి వచ్చే ఒక విద్యార్థి లేచి, “మరి ఇనుప పలకల వెనుక చెక్క ఎందుకుంది సార్, తేలడానికా?” అని అడిగాడు. తేలడానికి కాదని చెప్పగలిగాను గానీ, ఎందుకో వివరంగా చెప్పలేకపోయాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1 (నెల్లూరు):
మీ విద్యార్థి చాలా మంచి ప్రశ్న అడిగాడు. ఆ ఓడ పక్కలకు 4.5 అంగుళాల మందం గల చేత ఇనుము (కొట్టి సాగదీయగల మెత్తని ఇనుము) పలకలు, వాటి వెనుక అడుగుకు మించిన మందాన టేకు, ఆ వెనుక ఓడ అసలు ఇనుప గోడ ఉంటాయి. పలకను నేరుగా గోడకు బిగిస్తే, గుండు పలకను చీల్చలేకపోయినా ఆ దెబ్బ అదురు బోల్టులకు, గోడకు సూటిగా చేరి బోల్టులు తెగిపోతాయి. తెగిన ముక్కలు లోపలి మనుషుల మీదికే ఎగురుతాయి. టేకు ఆ అదురును తనలోకి తీసుకొని, ఎక్కువ వైశాల్యానికి పంచుతుంది. 1861లో ఇదే కట్టుబడితో ఒక గోడను నిర్మించి, షూబరీనెస్ తీరంలో ఫిరంగులతో కొట్టి చూసినప్పుడు అది నిలబడింది.

పలకల అంచులకు నాలుక, గాడి చెక్కి ఒకదానిలో ఒకటి ఇరికించారు. గోడ గట్టిపడిన మాట నిజమే గానీ, దెబ్బతిన్న ఒక్క పలకను ఊడదీయడం గగనమైంది. తరువాతి ఓడల్లో ఈ పద్ధతిని వదిలేశారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. కవచం ఓడ నడిమి భాగంలో సుమారు 213 అడుగుల పొడవున మాత్రమే ఉంది కనుక, చుక్కానిని తిప్పే యంత్రాంగానికి రక్షణ లేకుండా పోయింది.

జవాబు 2 (కొత్తపట్నం):
మా ఇంట్లో రెండు తరాలుగా చెక్క పడవలు కడుతున్నాము కాబట్టి ఒక మాట చేరుస్తాను. చెక్క అయితే చాలదు, అది టేకే కావాలి. ఓక్ చెక్కలోని ఆమ్లం ఇనుమును తినివేస్తుంది. నూనె గుణమున్న టేకు పక్కన ఇనుము ఎక్కువ కాలం మన్నుతుంది.

అడుగు భాగం సంగతి కూడా మీ పిల్లలకు చెప్పండి. చెక్క ఓడలకు పురుగు పట్టకుండా, గుల్లలు పేరుకోకుండా రాగి రేకు తొడిగేవారు. ఇనుప ఓడకు ఆ వీలు లేదు, ఎందుకంటే ఉప్పునీటిలో రాగి, ఇనుము కలిస్తే అదొక విద్యుత్ ఘటమై ఇనుమే కరిగిపోతుంది. అందువల్ల వారియర్ అడుగున నాచు, గుల్లలు పట్టి వేగం తగ్గేది. ఓడను మళ్లీ మళ్లీ డాక్‌లోకి ఎక్కించి గీకవలసి వచ్చేది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. విద్యుత్ ఘటం మాటను రేపే తరగతిలో చెబుతాను. ఇంత శ్రమపడి కట్టిన ఆ ఓడ యుద్ధంలో పాల్గొన్నదా?

జవాబు 1 (నెల్లూరు):
పాల్గొనలేదు, శత్రువు మీద ఒక్క గుండు కూడా పేల్చలేదు. 1859లో ఫ్రాన్సు నీటిలోకి దించిన ‘గ్లోర్’ చెక్క ఓడకు ఇనుప తొడుగు వేసినది. దానికి పోటీగా బ్రిటన్ కట్టిన వారియర్, ఆవిరితోనే 14 నాట్లకు (గంటకు సుమారు 26 కిలోమీటర్లకు) పైగా వేగం అందుకున్నది. అయితే 1871లో తెరచాపలు లేకుండా, తిరిగే బురుజుల్లో ఫిరంగులతో ‘డివాస్టేషన్’ నీటిలోకి దిగేసరికి ఇది పాతబడిపోయింది. 1929 నుంచి దాదాపు 50 ఏళ్లు పెంబ్రోక్ డాక్‌లో చమురు నింపుకునే ఓడలకు తేలే రేవుగా పడి ఉండి, 1979లో హార్టిల్‌పూల్‌కు చేరి, మరమ్మతుల తరువాత 1987 నుంచి పోర్ట్స్‌మత్‌లో ప్రదర్శనకు నిలిచింది.

మన దేశానికి సంబంధించిన ఉదాహరణ కావాలంటే ‘మగ్దాలా’, ‘అబిసీనియా’ అనే రెండు కవచ నౌకల గురించి పిల్లలకు చెప్పండి. ఈ ఓడలు 1870లో నీటిలోకి దిగాయి. నీటికి కొద్ది ఎత్తులోనే ఉండే పైతట్టు (డెక్), దాని మధ్య కవచపు అరుగు, ఆ అరుగుకు ముందొకటి వెనుకొకటి తిరిగే బురుజులు వీటి నిర్మాణం. బొంబాయి రేవు కాపలా కోసమే వీటిని కట్టారు.