ఐరిష్ పంక్‌లో టిన్ విజిల్: జానపదానికి మేలా, కీడా?

లిఫీగట్టు:
డబ్లిన్ వచ్చిన కొత్తలో ఒక పబ్‌లో ఆదివారం సెషన్ (జానపద వాద్యకారులు ఒకచోట కూర్చుని కలిసి వాయించడం) వినడానికి వెళ్ళేవాణ్ణి. మైకుల్లేవు, స్టేజీ లేదు. ఫిడిల్, టిన్ విజిల్ అనే చిన్న రేకు పిల్లనగ్రోవి, ఇలియన్ పైప్స్ అనే ఐరిష్ తిత్తి వాద్యం, అంతే. ఆ పైప్స్‌కి గాలి నోటితో ఊదరు, మోచేతితో తిత్తి నొక్కి పంపుతారు. శబ్దం మెత్తగా ఉంటుంది. అది విన్న చెవులతో పోగ్స్, డ్రాప్‌కిక్ మర్ఫీస్ లాంటి ఐరిష్ పంక్ బ్యాండ్‌లు (ఐరిష్ జానపదాన్ని హోరెత్తే రాక్‌తో కలిపేవాళ్ళు) వింటే విజిల్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది. గిటార్, డ్రమ్స్ కింద నలిగిపోయింది. వీళ్ళు జానపదానికి మేలు చేశారా, హంగు కోసం వాడుకున్నారా?

కాళ్ళాగవు:
పోగ్స్ తొలి ఆల్బమ్‌లు విన్నారా అసలు? 1984, 85 నాటి వాటిలో ముందుండేది ఎలక్ట్రిక్ గిటార్ కాదు. బాంజో, అకార్డియన్, విజిల్. డ్రమ్మర్ ఆండ్రూ రాంకెన్ నిలబడి ఒక స్నేర్, ఒక ఫ్లోర్ టామ్ అనే రెండు డ్రమ్ముల మీదే బాదేవాడు. విజిల్ శ్రుతి ఎక్కడో పైన, డ్రమ్స్ కింద. ఇక నలిగేదెక్కడ? బాంజో తీగ మీటగానే శబ్దం తెగిపోతుంది కాబట్టి ఎంత వేగంలోనైనా స్వరాలు విడివిడిగా వినిపిస్తాయి. అకార్డియన్ తిత్తిని లాగి తోసే ఊపే రిథమ్ గిటార్ పని చేస్తుంది. రీల్, జిగ్ అనే ఐరిష్ ట్యూన్లు డాన్స్ కోసం పుట్టినవే కదా, వాటికి వేగం కొత్తేమీ కాదు. మూడు నిమిషాల్లో ఒళ్ళు తెలియకుండా ఊగిపోతాం, పాట అయ్యాక కథ గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది. ఈ రెండూ ఒకేసారి ఇచ్చే సంగీతం నాకు ఇంకోటి దొరకలేదు.

చిన్నక్క:
1987లో ఐరిష్ జానపదంలో పెద్ద పేరున్న డబ్లినర్స్ బ్యాండ్ వాళ్ళే పోగ్స్‌తో కలిసి పాడారు. పెద్దవాళ్ళకి లేని అభ్యంతరం మనకెందుకండీ?

లిఫీగట్టు:
పోగ్స్ సంగతి కాసేపు పక్కన పెడదాం. డ్రాప్‌కిక్ మర్ఫీస్ వాయించే పైప్స్ స్కాట్లాండ్ హైలాండ్ పైప్స్. నోటితో ఊదేవి. ఐర్లాండ్ పేరు చెప్పి స్కాట్లాండ్ వాద్యం అమ్మడం ఏమిటి?

క్విన్సీమామ:
మా ఊరి బ్యాండ్ కాబట్టి చెప్తున్నా. 1996లో ఇక్కడే, బోస్టన్ పక్కనున్న క్విన్సీలో మొదలైంది. అమెరికాలో ఐరిష్ కుటుంబాల పోలీసులు, ఫైర్‌మెన్ ఊరేగింపుల్లో వాయించేది ఆ హైలాండ్ పైప్సే. తాత చావుకి ఏ పైపు మోగిందో మనవడు ఆ పైపే స్టేజీ ఎక్కించాడు. తప్పేంటి?

లిఫీగట్టు:
అదే నేనంటున్నది. అమెరికా ఆచారం అనండి, ఐరిష్ అనకండి.

దారినపోయే:
బుజూకీ అనే తీగ వాద్యం గ్రీస్‌ది. 1960లలో ఐర్లాండ్ వాళ్ళ చేతికొచ్చింది. ఇప్పుడు మీ సెషన్‌లో కూడా ఉంటుంది, చూసుకోండి.

లిఫీగట్టు:
బుజూకీని ఐర్లాండ్‌లో ఉన్నవాళ్ళు తెచ్చుకున్నారు. పోగ్స్ పుట్టింది లండన్‌లో. వాళ్ళ గాయకుడు షేన్ మెక్‌గోవన్ పుట్టింది ఇంగ్లండ్‌లోని కెంట్‌లో. అకార్డియన్ వాయించిన జేమ్స్ ఫియర్న్‌లీ ఐరిష్ వాడే కాదు.

కాళ్ళాగవు:
ఇప్పుడు బయటపడ్డారు. మీ బాధ విజిల్ గురించి కాదు, ఎక్కడ పుట్టారన్నదాని గురించి! 1974 బర్మింగ్‌హామ్ బాంబు పేలుళ్ళ తర్వాత ఇంగ్లండ్‌లో ఐరిష్ యాస వినిపిస్తే చాలు, అనుమానంగా చూసేవారు. చేయని నేరానికి ఆరుగురు 1991 దాకా జైల్లో మగ్గారు. వాళ్ళ గురించి పోగ్స్ పాట కడితే 1988లో బ్రిటన్‌లో ప్రసారం కాకుండా ఆపేశారు. అలాంటి చోట మెత్తగా ఎందుకు వాయిస్తారు? గట్టిగానే వాయిస్తారు.

మా అబ్బాయి ఇక్కడే న్యూజెర్సీలో పుట్టాడు. డప్పు నేర్చుకుని కాలేజీ బ్యాండ్‌లో గిటార్ పక్కన వాయిస్తాడు. సంక్రాంతి ప్రోగ్రామ్‌లో ఒక్క పది నిమిషాలు అడిగితే, ఇది మన పద్ధతి కాదని ఒక పెద్దాయన మొహం మీదే చెప్పి పంపేశారు. వాడు మళ్ళీ తెలుగువాళ్ళ ఫంక్షన్‌కి రాలేదు. మీ పోస్ట్ చదివితే ఆ పెద్దాయన గొంతే వినిపించింది.

చిన్నక్క:
అన్నా, ఆయన మీ అబ్బాయిని ఏమీ అనలేదు.

లిఫీగట్టు:
మీ అబ్బాయికి జరిగింది అన్యాయం. నేనుంటే పది కాదు, అరగంట ఇచ్చేవాణ్ణి. నా బాధ వేరు. నేను చెప్పిన ఆ పబ్‌లో ఇప్పుడు సెషన్ లేదు. ఫిడిల్ వాయించే ముసలాయన కూర్చునే మూలలో స్పీకర్లు పెట్టారు. టూరిస్టులు అడిగేది గట్టిగా అరిచే పాటలే అని యజమాని చెప్పాడు. మూడు తరాలుగా ఒక ట్యూన్‌ని చెవిన వేసుకుని కాపాడినవాళ్ళకి వాళ్ళ ఊళ్ళోనే కుర్చీ లేకపోతే ఎలా? దేశం వదిలి వెళ్ళిపోయినవాళ్ళ బాధ మీద పాటలొచ్చాయి. ఉండిపోయినవాళ్ళని ఎవరు అడుగుతున్నారు?

కాళ్ళాగవు:
కుర్చీ తీసేసింది యజమాని, పోగ్స్ కాదు. 2023 డిసెంబర్‌లో షేన్ అంత్యక్రియలు టిప్పరరీలోని నీనా చర్చిలో జరిగాయి. శవపేటిక పక్కనే జనం లేచి డాన్స్ చేశారు. వాళ్ళంతా ఉండిపోయినవాళ్ళే కదా!

లిఫీగట్టు:
చేశారు, నేనూ చూశాను, కళ్ళు చెమర్చాయి. కానీ ఆ ముసలాయన ఆదివారం ఎక్కడ వాయించాలో మీరింకా చెప్పలేదు.