పట్టపురాణి అంటే ఏలే రాణి కాదు

నిన్న మన గుంపులో ఒక చెల్లెలు అడిగింది: "ఎలిజబెత్ బతికున్నప్పుడు పేపర్లో రాణి అని రాసేవాళ్లు. ఇప్పుడు ఛార్లెస్ భార్య కామిల్లాను కూడా రాణి అనే రాస్తున్నారు. ఆమె రాజ్యం ఏలింది, ఈమె రాజు భార్య. ఇద్దరికీ ఒకటే మాటా? క్వీన్ కాన్సార్ట్‌ను తెలుగులో ఏమనాలి?"

కింద జవాబులు చాలానే వచ్చాయి. రాజపత్ని అన్నారు, రాణి సహచరి అన్నారు, సహరాణి అని ఒకరు కొత్తగా కట్టారు. ఈ కట్టుడు మాటలేవీ మనకు అక్కర్లేదు. పట్టపురాణి ఉంది. సరిగ్గా ఈ పనికే పుట్టిన మాట అది.

మాది చిత్తూరు పక్కన పల్లె. మా అవ్వ చేటలో చెనక్కాయలు పోసుకుని ఒలుస్తుంటే నేను గడప మీద ఊరికే కూర్చునేదాన్ని. "ఏమ్మే, పట్టపురాణి మాదిరి కూచోనుండావే, రా ఇట్లా" అని కేకేసేది. అట్లా తిట్టులో పడి, పట్టపురాణి అంటే ఎవరో చాలా పెద్ద రాణి, పనీపాటా లేనావిడ అన్న మసక అర్థమే మనలో చాలామందికి మిగిలింది. మాటను విప్పి చూస్తే ఆ మసక ఉండదు.

పట్టం అంటే నుదుటికి కట్టే పట్టీ. పెళ్లిలో బాసికం కట్టినట్టే, రాజుకు అభిషేకం చేసి నుదుట బంగారు పట్టం కట్టేవాళ్లు. ఎన్నికల ఫలితాల మర్నాడు "ఓటర్లు ఫలానా పార్టీకి పట్టం కట్టారు" అని చదువుతాం కదా, ఆ 'కట్టడం' ఇక్కడిదే. రాజు పక్కన కూర్చుని ఆ పట్టాభిషేకంలో తానూ భాగం పొందిన భార్య పట్టపురాణి. పట్టపుదేవి అన్నా, పట్టమహిషి అన్నా ఆమే.

అమరసింహుడు రాసిన పాత సంస్కృత నిఘంటువు అమరకోశం దీన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది: "కృతాభిషేకా మహిషీ, భోగిన్యోఽన్యా నృపస్త్రియః". అభిషేకం జరిగినావిడ మహిషి, రాజు తక్కిన స్త్రీలు భోగినులు. నాటకాల్లో ఎవరిని ఎట్లా పిలవాలో చెప్పేచోట కూడా ఇదే గీత గీసింది: అభిషేకమైన రాణిని 'దేవి' అనాలి, మిగతావాళ్లను 'భట్టిని' అనాలి. అంటే ఈ పేరు రాజుతో పెళ్లయినందుకు వచ్చింది కాదు, అభిషేకం వల్ల వచ్చింది.

ఇప్పుడు లండన్ సంగతి చూడండి. 2023 మే 6న వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ఛార్లెస్‌తో పాటు కామిల్లాకూ నూనెతో అభిషేకం చేసి, క్వీన్ మేరీ కిరీటం పెట్టారు. అమరసింహుడి మాటకు ఇంతకన్నా దగ్గరగా ఉండే ఉదాహరణ ఈ కాలంలో దొరకదు. ఆ పిలుపు కూడా ఆమెకు ఊరికే రాలేదు. 2005లో పెళ్లప్పుడు, ఛార్లెస్ రాజయ్యాక ఆమెను ప్రిన్సెస్ కాన్సార్ట్ అంటారని ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో ఎలిజబెత్ స్వయంగా, నా కోడలిని క్వీన్ కాన్సార్ట్ అనాలని నా కోరిక అని చెప్పాకే ఆ సంగతి తేలింది. పట్టాభిషేకం నుంచి ఉట్టి క్వీన్ కామిల్లా అంటున్నారు. మన పేపర్లు రాణి అని రాయడం దానికి తగ్గట్టే ఉంది, తప్పేం కాదు. కానీ తేడా చెప్పాల్సి వస్తే ఇంగ్లీషు ఇంకో మాట తోక తగిలించుకోవాలి. మనకు ఆ అవసరం లేదు.

ఎలిజబెత్‌ను మాత్రం పట్టపురాణి అనకూడదు. ఆమె ఏలిక. 1953లో ఆమెకు అభిషేకం జరుగుతుంటే భర్త ఫిలిప్‌కు కిరీటం లేదు, నూనె లేదు. ఆయన మోకరిల్లి విధేయత చెప్పాడు. మన రుద్రమదేవి కూడా అంతే. రుద్రదేవ మహారాజు అని మగపేరుతో ఏలింది. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు ఆమెను పెళ్లాడినంత మాత్రాన కాకతీయ రాజు కాలేదు. రాజు భార్యకు ఇన్ని మాటలున్న భాషలో ఏలే రాణి మొగుడికి ఒక్కటీ లేదు. రాణిగారి భర్త అనుకోవాల్సిందే.

ఇదంతా పుస్తకాల గొడవ అనుకోకండి, మన కొండ మీదే కనిపిస్తుంది. శ్రీవారి మహాద్వారం దాటగానే కుడిచేతి వైపు మండపంలో కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలున్నాయి. ముగ్గురూ చేతులు జోడించి నిలబడి ఉంటారు. భుజాల మీద పేర్లు చెక్కి ఉంటాయి. లైన్లో వెనక నుంచి తోస్తుంటారు కాబట్టి ఎవరూ నిలబడి చూడరు. నేను ఒకసారి మా పాపను ఎత్తుకుని కాసేపు ఆగి చూశాను. రాయలకు అటొకరు, ఇటొకరు. శ్రీదేవి, భూదేవి నడుమ మలయప్పస్వామి ఊరేగింపులో నిలబడే వరసే అది. రాజు తనను స్వామి ముందు భక్తుడిగా నిలబెట్టుకుంటూనే, స్వామి కొలువు పద్ధతిని కూడా తెచ్చుకున్నాడని నాకు ఆ క్షణంలో అనిపించింది, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఆ రాణులు ఊరికే పక్కన నిలబడినవాళ్లు కూడా కాదు. 1513 ఫిబ్రవరి 10న రాయలు మొదటిసారి కొండకు వచ్చినప్పుడు, స్వామికి పాలు నివేదించడానికి ఇద్దరూ చెరొక బంగారు గిన్నె ఇచ్చారని శాసనం చెబుతోంది. రాజు కానుకలు వేరు, వాళ్ల కానుకలు వేరు. అదే మండపంలో, రాయల తర్వాత ఏలిన అచ్యుతదేవరాయల పక్కన ఆయన రాణి వరదాజి అమ్మన్ రాతి విగ్రహం కూడా ఉంది.

(పొద్దున వచ్చిన వ్యాఖ్యలకు జవాబు ఇక్కడే కలుపుతున్నాను.)

"అక్కా, పట్టపురాణి అంటే తక్కిన భార్యలు కూడా ఉన్నట్టు అర్థం రాదా?" అని అడిగిన తమ్ముడికి: ఆ నీడ ఉంది, కాదనను. పాత రాజులకు చాలామంది భార్యలు కాబట్టి వచ్చిన నీడ. కానీ మాట లోపల ఉన్నది పట్టమే గానీ లెక్క కాదు. రాముడికి ఒక్కతే భార్య, సీతను పట్టమహిషి అనడానికి ఎవరికీ నోరు తడబడదు.

ఇంకో పెద్దాయన అడిగింది మరీ మంచి ప్రశ్న. ఇంగ్లండులో అభిషేకం జరగకపోయినా రాజు భార్య రాణే కదా అన్నారు. నిజమే సార్. 1821లో నాలుగో జార్జి తన భార్య కారొలైన్‌ను పట్టాభిషేకానికి రానివ్వలేదు. ఆబే తలుపుల దాకా వచ్చి ఆమె వెనక్కి పోవాల్సి వచ్చింది. అయినా చట్టం ప్రకారం ఆమె రాణిగానే కన్నుమూసింది. అట్లాంటావిడను పట్టపురాణి అంటే మాట అబద్ధమాడినట్టే. స్పెయిన్ రాజు భార్య లెటీసియా కూడా ఆ లెక్కలోకే వస్తుంది, అక్కడ కిరీటం పెట్టే తంతే లేదు.

వీళ్ల కోసం కూడా మన దగ్గర మాట ఉంది. తిరుపతిలో రోజూ చెవిన పడేదే: దేవేరి. "స్వామివారు ఉభయ దేవేరులతో విహరించారు" అని బ్రహ్మోత్సవాల వార్తల్లో చదవమా? ఉభయ నాంచారులు అని కూడా అంటాం. ఆ నాంచారి అరవంలోని నాచ్చియార్, దొరసాని అనే అర్థం. దేవుడి భార్యైనా రాజు భార్యైనా దేవేరే. అభిషేకం జరిగిందా లేదా అని ఈ మాట అడగదు. కాబట్టి సార్, నా వరకు కామిల్లా పట్టపురాణి, కారొలైన్ దేవేరి. మీకు వేరే మాట తోస్తే చెప్పండి, ముఖ్యంగా మీ ఊళ్లో పెద్దవాళ్ల నోట విన్నదైతే.