పోయినేడాది ఇంట్లో పెట్టిన ఎస్కేప్ రూమ్ అట్టర్ ఫ్లాప్, ఈ వేసవికి సలహాలు కావాలి

తాళంచెవి_తిరుపతి:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నాకు ఎస్కేప్ రూమ్‌ల పిచ్చి, అదే, ఒక గదిలోకి పోయి క్లూలు వెతికి, పజిల్స్ విప్పుకుంటూ టైములోపల బయటపడే ఆట. బెంగళూరు, చెన్నై, హైదరాబాదు కలిపి ఇప్పటికి 23 ఆడాను, 16 సార్లు టైములోపల బయటపడ్డాం, మిగతా ఏడుసార్లు ఆట నడిపే గేమ్ మాస్టర్ జాలిగా నవ్వుకుంటూ వచ్చి తలుపు తీశాడు. ఆఫీసు పని మీద ఏ ఊరు పోయినా హోటల్ కంటే ముందు అక్కడ రూమ్ ఉందా అని వెతుకుతాను. మా ఆవిడైతే "డబ్బులిచ్చి మరీ గదిలో పెట్టించుకోవడం ఏంది, కొండ మీద కంపార్ట్‌మెంట్‌లో కూర్చుంటే గేటు తీసేదాకా అదే పరిస్థితి కదా, పైగా పాలు, ఉప్మా కూడా ఇస్తారు" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

సెలవులకి మా చెల్లెలి పిల్లలు బెంగళూరు నుంచి వస్తారు. మా వాళ్ళతో కలిపి ఆరుగురు, ఎనిమిదేళ్ళ పాప నుంచి పద్నాలుగేళ్ళ అమ్మాయి దాకా. అందరినీ చెన్నై తీసుకుపోతే తలకి ఏడెనిమిది వందలు, ట్రైను, తిండి వేరే. అందుకని పోయినేడాది ఇంట్లోనే పెట్టాను. అవ్వ ట్రంకు పెట్టెలో చాక్లెట్లు పెట్టి, గాంధీ రోడ్డులో కొన్న మూడంకెల నంబర్ తాళం వేశాను. చిన్న పెట్టె ఒకటి, దానికి నాలుగంకెల తాళం. మూడు రాత్రులు కూర్చుని తొమ్మిది పజిల్స్ రాశాను.

ఏమైందంటే, నాలుగంకెల తాళానికి క్లూ "అలిపిరి దారిలో ఎన్ని మెట్లు". మా పిల్లలు అర సెకనులో 3550 అన్నారు, బెంగళూరు పిల్లలు మొహాలు చూసుకుని "ఇది చీటింగ్ మామా" అన్నారు. నిమ్మరసంతో రాసిన కాగితాన్ని మా వాడు కొవ్వొత్తి మీద పెట్టి సగం కాల్చేశాడు, ఆ సగంలోనే అసలు క్లూ ఉంది. ఇవన్నీ ఒక ఎత్తు. పన్నెండేళ్ళ మేనల్లుడు ఎవరితోనూ మాట్లాడకుండా ట్రంకు పెట్టె ముందు కూర్చుని 000, 001, 002 అని తిప్పుకుంటూ పోయాడు. కోడ్ 742. పావుగంట కాకుండానే టక్కుమని తెరిచాడు. మిగతా పజిల్స్ ఎవరూ చూడనే లేదు, ఆ కాగితాలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి.

ఈసారి డబ్బాల్లో వచ్చే గేమ్స్ కొనమంటారా, నేనే తయారు చేయాలా? పెద్ద పిల్లలే అన్నీ చేసేసి చిన్నవాళ్ళు ఫోన్లు పట్టుకోకుండా ఎలా? ఇంకో సంగతి, మా అవ్వకి 76, "నన్ను కూడా కలుపుకోండిరా" అంటోంది. మోకాళ్ళ నొప్పులు, మిద్దె ఎక్కలేదు.

చిత్తూరు_మామిడి:

అన్నా, మీ మేనల్లుడికి నా తరఫున ఒక సలాం. మూడంకెల తాళానికి మొత్తం వెయ్యి నంబర్లే, సెకనుకొకటి తిప్పినా 17 నిమిషాల్లో అన్నీ అయిపోతాయి. గంట ఆటకి అది పెట్టడమే మీ తప్పు. నాలుగంకెలైతే పదివేలు, దాదాపు మూడు గంటలు పడుతుంది, ఎంత మొండివాడైనా వదిలేస్తాడు.

ఇంకో మాట, తప్పుగా అనుకోవద్దు. అలిపిరి మెట్లు ఎన్ని అనేది పజిల్ కాదు, క్విజ్. తెలిస్తే తెలుసు, తెలియకపోతే గంట కూర్చున్నా తెలియదు. ఆడేవాళ్ళకి కావలసిందంతా ఆ గదిలోనే దొరకాలి, బుర్ర పెడితే దారి కనపడాలి. గూగుల్ చేయాలనిపించిందంటే ఆట చచ్చినట్టే.

తాళం గురించైతే, మీకు తాళం ఎందుకు అసలు? అవ్వనే తాళం చేయండి. కుర్చీ వేసి కూర్చోబెట్టి పెట్టె ఒళ్ళో పెట్టండి. సరైన మాట చెప్తే ఇస్తుంది, తప్పు చెప్తే గడియారం చూసి రెండు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడదు. 000 నుంచి మొదలుపెట్టేవాడి సంగతి అవ్వే చూసుకుంటుంది. మిద్దె ఎక్కే పనీ లేదు.

రెండో_షిఫ్ట్:

నేను తిరుపతివాడినే, ఉద్యోగం వల్ల కొన్నాళ్ళు యూరప్‌లో ఉన్నాను. ఈ పిచ్చి నాకూ ఉంది కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ఈ ఆట మొదట కంప్యూటర్ లోపలే ఉండేది. 2004లో జపాన్ నుంచి క్రిమ్సన్ రూమ్ అని బ్రౌజర్‌లో ఆడే గేమ్ వచ్చింది, ఎర్ర గదిలో ఇరుక్కుని మౌస్‌తో మూలమూలా నొక్కుకుంటూ బయటపడాలి. నెట్ సెంటర్‌లో గంటకి ఇంతని కట్టి ఆడిన రోజులు నాకు గుర్తు. నిజం మనుషులతో మొదలుపెట్టింది 2007లో, క్యోటోలో, తకావో కాటో అనే ఆయన. 2011లో బుడాపెస్ట్‌లో పారాపార్క్ వచ్చాక ఆ ఊరంతా ఇవే. పాత బిల్డింగుల కింద నేలమాళిగలు ఖాళీగా పడుండేవి, వాటిని రూమ్‌లు చేసేశారు. అందుకే సెలవు దొరకగానే నేను అక్కడికి పోయాను, మూడు రోజుల్లో అయిదు ఆడాను. నది, కోట ఏమీ చూడలేదు, ఇంట్లో ఇప్పటికీ తిడతారు.

అక్కడ ఒక రూమ్‌లో చూసింది మీకు పనికొస్తుంది. గోడకి నిలువుగా ఒక పైపు, అడుగున తాళంచెవి, చెయ్యి పెడితే అందదు. పక్కన బకెట్లో నీళ్ళు, ఒక చెంబు. పోస్తే చెవి తేలి పైకి రావాలి, కానీ పైపుకి చుట్టూ చిల్లులు, పోసినవన్నీ కారిపోతున్నాయి. మేము నలుగురం, ముగ్గురం వేళ్ళతో చిల్లులు మూస్తే ఒకడు పోశాడు. ఎవడైనా నవ్వి వేలు తీశాడంటే నీళ్ళు మోచేతుల మీదుగా చొక్కాలోకి. దీనికి కోడ్ లేదు, కాగితం లేదు, ఏ తెలివైనవాడూ ఒక్కడే చేయలేడు. ఇంటికొచ్చాక హార్డ్‌వేర్ షాపులో రెండడుగుల పీవీసీ పైపు, అడుగుకి మూత కొని, తాళంచెవికి థర్మకోల్ ముక్క కట్టి నేను కూడా చేశాను. మీకు ఆరుగురు కదా, పదో పన్నెండో చిల్లులు పెట్టండి, ఎనిమిదేళ్ళ పాప వేళ్ళు కూడా కావాల్సొస్తాయి. పెద్ద పిల్లలే అన్నీ చేసేస్తున్నారు అన్నారు కదా, దానికి ఇంతకంటే మందు లేదు.

మన దేశంలో రూమ్‌ల గురించి అడిగితే నా అనుభవాలు మిశ్రమం. ఒక ఊళ్ళో, పేరు వద్దులెండి, ఆట మధ్యలో కరెంటు పోయింది. అయస్కాంతం తాళాలకి కరెంటు ఉన్నంతసేపే పట్టు, పోతే వాటంతట అవే వదిలేస్తాయి, ప్రమాదం జరిగితే మనుషులు లోపల చిక్కుకోకూడదని అలా పెడతారు. జనరేటర్ అందుకునేలోపల టకటకమని మూడు రహస్య తలుపులూ తెరుచుకున్నాయి, పుస్తకాల అల్మరా కూడా. దొంగను పట్టుకోవాల్సిన మేము దొంగ సొమ్ము ముందు నిలబడి ఉన్నాం. మేనేజర్ వచ్చి "సార్, చూడనట్టు ఆడండి" అన్నాడు.

డబ్బా గేమ్స్‌లో ఎగ్జిట్, అన్‌లాక్ రెండూ ఆడాను. ఎగ్జిట్ జర్మనీది, 2017లో అక్కడ పెద్ద అవార్డు కూడా వచ్చింది. పజిల్స్ బాగుంటాయి కానీ కాగితాలు కత్తిరించాలి, మడవాలి, గీయాలి, ఒకసారి ఆడితే డబ్బా చెత్తబుట్టకే. అన్‌లాక్‌లో 60 కార్డులు, ఫోన్‌లో యాప్, ఏదీ చింపక్కర్లేదు కాబట్టి మీరు ఆడి ఇంకొకరికి ఇవ్వొచ్చు. రెండూ ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకోవాలి, ఆరుగురు పిల్లలు ఒక కార్డు మీద పడితే కార్డు మిగలదు. పిల్లలు పడుకున్నాక మీరు, మీ ఆవిడ ఆడుకోండి.

కాకరకాయ_వేపుడు:

నేను బడిపంతులమ్మను, పిల్లల చేత ఇలాంటివి చేయిస్తుంటాను కాబట్టి కొన్ని చెప్తాను తమ్ముడూ.

ముందు భద్రత. నిజంగా గడియ పెట్టొద్దు, ఎంత సరదాకైనా సరే. 2019 జనవరిలో పోలండ్‌లో ఇలాంటి రూమ్‌లో మంటలంటుకుని బయటికి రాలేక అయిదుగురు అమ్మాయిలు చనిపోయారు, అందరికీ పదిహేనేళ్ళే. మా దగ్గర తలుపు ఎప్పుడూ దగ్గరికి వేసి మాత్రమే ఉంటుంది, పెట్టె తెరవడమే ఆట. కొవ్వొత్తి కూడా వద్దు. నిమ్మరసం కాగితాన్ని ఇస్త్రీ పెట్టెతో మీరే వేడి చేసి చూపించండి, గోధుమరంగులో అక్షరాలు మెల్లగా తేలుతుంటే చిన్నవాళ్ళు నోరు తెరుచుకుని చూస్తారు.

అవ్వను తాళం చేయమన్నారు, బాగుంది. నేనైతే అవ్వ సామాన్లనే పజిల్ చేస్తాను. ఆమె దగ్గర పాత భాగవతమో రామాయణమో ఉంటే పేజీ నంబర్లు తెలుగు అంకెల్లో ఉన్నాయేమో చూడండి. గోడ మీద ౪౭౫౬ అని రాసి వదిలేయండి. ౨, ౩ పిల్లలు పోల్చుకుంటారు కానీ ౪, ౫, ౭ దగ్గర ఆగిపోతారు. ఆ పుస్తకం గదిలోనే ఉండాలి. ఎవరో ఒకరు పేజీలు తిప్పుతూ "ఇది నాలుగో పేజీ, అంటే ఇది నాలుగు" అని అరుస్తారు చూడండి, ఆ అరుపు కోసమే నేను ఇవన్నీ చేస్తాను. చిత్తూరు ఆయన చెప్పిన క్విజ్‌కీ పజిల్‌కీ తేడా అదే, ఇక్కడ ముందే ఏమీ తెలిసుండక్కర్లేదు.

ఇంట్లో సంగీతం నేర్చుకునే పిల్ల ఉంటే ఇంకొకటి. కర్ణాటక సంగీతంలో మూలరాగాలైన మేళకర్త రాగాల పేర్లలోనే వాటి నంబర్ దాగుంటుంది, కటపయాది సంఖ్య అంటారు. క, ట, ప, య నాలుగూ 1, అక్కడి నుంచి వరసగా లెక్క. మాయామాళవగౌళలో మొదటి రెండు అక్షరాలు మ, య. మ అంటే 5, య అంటే 1, తిరగేస్తే 15, అది పదిహేనో మేళకర్త. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, తిరగేస్తే 29. రెండూ పక్కపక్కన పెడితే 1529, నాలుగంకెల తాళం కోడ్ సిద్ధం. అక్షరాల పట్టికను రెండు ముక్కలుగా చింపి రెండు గదుల్లో పెట్టండి, తిరగేయాలని చెప్పడానికి పక్కన చిన్న అద్దం పెట్టండి. జవాబు వచ్చాక సంగీతం పుస్తకంలో రాగం నంబర్ చూసుకుంటే సరిపోయిందో లేదో వాళ్ళకే తెలుస్తుంది, మిమ్మల్ని అడగరు.

పజిల్స్ ఒకదాని వెనక ఒకటి పెట్టొద్దు. మూడు ఒకేసారి మొదలవ్వాలి, ఇద్దరిద్దరు పంచుకుంటారు. తొమ్మిది చాలా ఎక్కువ, అయిదు చాలు. ఆటలో లేని చోట్ల ఎర్ర టేపు అంటించండి, లేకపోతే బియ్యం డ్రమ్ము కూడా బోర్లిస్తారు. మా ఇంట్లో బోర్లించారు.

ఊరికే_చూస్తుంటా:

ఇంత శ్రమ ఎందుకు సార్, చంద్రగిరి కోటకి తీసుకుపోండి. రాజమహల్‌కి మూడంతస్తులు, రాణిమహల్‌కి రెండు, లెక్కపెట్టమనండి, కోడ్ అయిపోయింది. తాళం, పెట్టె కారులో. కోట గోడలకి మాత్రం ఏమీ అంటించొద్దు, రాయొద్దు.

తాళంచెవి_తిరుపతి:

నిన్న ఆదివారం ఆడించాను, అందుకే ఇప్పుడు రాస్తున్నా. అక్కా, భాగవతం దొరికింది, తెలుగు అంకెలే ఉన్నాయి. పేజీలు తిప్పి కనిపెట్టింది మా మేనల్లుడే, పోయినేడాది తాళం తిప్పినవాడు. కటపయాది దగ్గర మాత్రం అద్దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, మా చెల్లెలు వచ్చి అందులో చూసుకుని బొట్టు సరిచేసుకుని పోయింది. 5192 అని అవ్వకి చెప్పి రెండు నిమిషాలు మౌనవ్రతం తిన్నారు, మళ్ళీ అదే చెప్పి ఇంకో రెండు నిమిషాలు తిన్నారు. చివరికి పద్నాలుగేళ్ళ పిల్ల తన పాటల పుస్తకం తెచ్చి 51 పక్కన ఉన్న రాగం పేరు చూసి "ఇది కాదు, తిరగేయాలి" అంది.

పైపు పజిల్ హాల్లో పెట్టడం నా తెలివితక్కువతనం, పెరట్లో పెట్టాల్సింది. సోఫా ఇంకా ఆరలేదు. కానీ ఆరుగురి వేళ్ళూ సరిపోక ఒక చిల్లుకి మా ఆవిడ కూడా వేలు పెట్టింది. కంపార్ట్‌మెంట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒక్కటే తేడా కొట్టింది. ఆఖరి పెట్టె కూడా అవ్వ ఒళ్ళోనే పెట్టాను. అయిదో పజిల్ సగంలో ఉండగా, అందరూ బుర్రలు గోక్కుంటుంటే, ఎనిమిదేళ్ళ పాప మెల్లగా పోయి అవ్వ మెడ చుట్టూ చేతులేసి ఒక ముద్దు పెట్టి చెవిలో ఏదో చెప్పింది. అవ్వ పెట్టె ఇచ్చేసింది. కోడ్ చెప్పిందా అని అడిగితే "చెప్పింది లేరా, నాకు వినపడింది" అంటోంది.

చిత్తూరు_మామిడి:

ఆ తాళానికి గ్యారంటీ ఉంటుందని నేనెప్పుడన్నా చెప్పానా అన్నా?